వాల్డెమార్ హాఫ్‌కిన్: ప్లేగు టీకా, దానిమీద పడిన నింద

ఉగాదినాడు పంచాంగ శ్రవణానికి కూర్చున్నప్పుడు సిద్ధాంతిగారు వానలెన్ని, పంట లెంత, ధర లెట్లా ఉంటాయి అని వరుసగా చెప్పుకుంటూ వచ్చి, ఒకచోట గొంతు తగ్గించి రోగభయం సంగతి చెబుతారు. పిల్లలు ఆ మాట పట్టించుకోరు. మా నాయనమ్మ మాత్రం ఆ మాట చెవిని పడగానే చెంపలు వేసుకునేది. ఆమె మామగారి తండ్రి పాలమూరు వైపు నుంచి బొంబాయికి రాళ్ళపనికి వచ్చిన మనిషి. ప్లేగు వచ్చిన యేడు ఆయన మూటా ముల్లె కట్టుకొని ఇంటికి బయలుదేరితే, దారిలో ఒక స్టేషనులో రైలు దింపి, చంకలూ గజ్జలూ తడిమి చూసి, తడికెల పాకలో పదిరోజులు ఉంచారట. ‘ఎలుక రాలితే ఇల్లు విడవాలి’ అనే మాట మా ఇంట్లో అప్పటినుంచి నిలిచింది.

పండుగ సంచికలో శుభమైన విషయం వ్రాయక ఈ ప్లేగు గొడవ ఎందుకని మన సంఘంలోనే ఒక పెద్దమనిషి మమ్మల్ని అడిగారు. అడగవలసిన మాటే. కాని మన బొంబాయి తెలుగువారిలో పరేలు దారిన పోనివారెవరు? అక్కడి పాత బంగళా గేటుమీద హాఫ్‌కిన్ అనే పేరు చూడనివారెవరు? మేముండే చాలులో నలుగురిని అడిగి చూశాము. ఒకరు ఆయన ఇంగ్లీషు గవర్నరన్నారు. ఒకరు మందుల కంపెనీ షావుకారన్నారు. ఒక కుర్రవాడు అది మనిషి పేరని తనకు తెలియనే తెలియదన్నాడు. మేము మెట్రిక్‌తో చదువు ముగించి రైల్వేలో గుమాస్తాగిరీ చేసుకునేవాళ్ళం. సైన్సు పండితులం కాము. అయినా చదివి తెలుసుకున్నంత మన కుటుంబాలకు చెప్పవచ్చునని ఈ సాహసం చేస్తున్నాము.

హాఫ్‌కిన్ గారు ఇంగ్లీషువారు కారు. నల్లసముద్రపు ఒడ్డున ఒడెస్సా అనే రేవుపట్టణంలో 1860 మార్చి 15న యూదుల ఇంట పుట్టారు. ఆ పట్టణం ఆనాడు రష్యా చక్రవర్తి పాలనలో ఉండేది. ఇప్పుడు యుక్రెయిన్ దేశంలో ఉన్నది. అక్కడి విశ్వవిద్యాలయంలో ఆయన గురువు మెచ్నికోవ్. శరీరంలోని తెల్లకణాలు రోగక్రిములను పట్టి మింగుతాయని కనిపెట్టి, తరువాత నోబెల్ బహుమానం పొందిన మహానుభావుడు ఆయనే. ఆ రోజుల్లో ఒడెస్సాలో యూదులమీద మూకలు పడి ఇళ్ళు దోచేవి. విద్యార్థి హాఫ్‌కిన్ తనవారిని కాపాడే దళంలో చేరి దెబ్బలు తిన్నాడు, జైలుకూ పోయాడు. గురువుగారు పూనుకొని విడిపించారు. చదువు పూర్తయినాక మతం మార్చుకొంటే పెద్ద ఉద్యోగం దొరికేది. ఆయన ఒప్పుకోలేదు. కొన్నాళ్ళు జంతుశాస్త్ర ప్రదర్శనశాలలో పనిచేసి 1888లో దేశం విడిచారు.

జెనీవాలో కొంతకాలం బోధకుడుగా ఉండి, మరుసటి యేడు పారిస్ చేరారు. అక్కడ పాశ్చర్ పండితుని పేరిట కొత్తగా వెలసిన సంస్థలో అప్పటికి ఖాళీగా ఉన్నది గ్రంథాలయ ఉద్యోగ మొక్కటే. మహా పరిశోధకుడు కాగోరి వచ్చినవాడు పుస్తకాలు బీరువాలో సర్దే పనికి కుదిరాడు! మాబోటి వారికి ఈ సంగతి చదివితే కొంచెం ధైర్యం కలుగుతుంది. పుస్తకాల పని చూసుకుంటూనే, మిగిలిన వేళల్లో ప్రయోగశాల బల్లముందు కూర్చొని కలరా క్రిమిని పట్టుకున్నారు.

కలరా క్రిమిని 1884లో జర్మను పండితుడు కోహ్ కలకత్తాలో నిర్ధారణ చేశాడు. క్రిమి తెలిసింది గాని దానికి విరుగుడు లేదు. హాఫ్‌కిన్ గారి పద్ధతిలో ఉపాయం ఇది. ఆ క్రిమిని గినీపంది కడుపులోకి ఎక్కించి, దానినుంచి తీసి మరొకదానిలోకి ఎక్కించి, ఇట్లా ఎన్నోసార్లు మార్చగా క్రిమికి బలం బాగా పెరుగుతుంది. అదే క్రిమిని వేడిలో, గాలి తగిలేట్లు పెంచితే నీరసిస్తుంది. ముందు నీరసపు క్రిమితో ఒక సూది, కొన్నిరోజులకు బలమైన క్రిమితో మరొక సూది. మొదటిదానితో శరీరం అలవాటుపడి రెండవదానిని తట్టుకుంటుంది. ఆ తరువాత అసలు రోగం వచ్చినా తట్టుకోగలదు. జంతువుల్లో ఇది నిలిచింది. మనుషుల్లో నిలుస్తుందని ఎవరు చెప్పగలరు? 1892 జులై 18న ఆయన తన ఒంటికే ఆ సూది పొడుచుకున్నారు. జ్వరం వచ్చింది, పోయింది. రెండవ సూదీ వేసుకున్నారు. ఆ తరువాతనే స్నేహితులకు వేశారు.

ఈ మందు పరీక్షకు నిలవాలంటే కలరా ఉన్నచోటికి పోవాలి. మన దేశానికి పూర్వం వైస్రాయిగా ఉండి అప్పుడు పారిస్‌లో ఇంగ్లీషు రాయబారిగా ఉన్న డఫ్రిన్ ప్రభువు ఆయనను ఇండియాకు పొమ్మని ప్రోత్సహించాడు. 1893 మార్చిలో కలకత్తాలో దిగారు. దొరతనంవారి డాక్టర్లకు ఆయనంటే పెద్ద గౌరవం లేదు. ఆయన జంతుశాస్త్రం చదివినవాడే గాని వైద్యపట్టా ఉన్నవాడు కాదు. అందునా రష్యావాడు, యూదుడు. గూఢచారేమో అని గుసగుసలు కూడా పోయాయట. మన జనం సంగతి వేరు. తెల్లవాడు సూది పట్టుకొని గుడిసెల్లోకి వస్తే రాళ్ళు వేశారు. ఆయన వారిముందే తన ఒంటికి మరొక సూది వేయించుకున్నారు. అప్పుడు ఒక్కొక్కరే వచ్చి చెయ్యి చాపారు.

1894 మార్చి చివర కలకత్తాలో కట్టల్‌బగాన్ అనే బస్తీలో కలరా పుట్టింది. నగర ఆరోగ్యాధికారి సింప్సన్ గారు హాఫ్‌కిన్ గారిని పిలిపించారు. ఆ బస్తీలో ఉన్నది సుమారు 200 మంది. వారిలో 116 మంది టీకా వేయించుకున్నారు. తరువాత ఆ బస్తీలో కలరా తగిలినవారంతా టీకా వేయించుకోని వారే. ఈ సింప్సన్ గారి పేరు పాఠకులు గుర్తుంచుకోవాలి, మళ్ళీ వస్తుంది. బెంగాలీ డాక్టర్లు కొందరు ఆయనకు కుడిభుజమై తిరిగారు. రెండున్నరేళ్ళలోపుగా దేశం నలుమూలలా తిరిగి 42,000 మందికి పైగా టీకాలు వేశారు. చివరకు మలేరియా పట్టుకొని ఆయన్ను సీమకు పంపింది. కొంచెం కోలుకొని 1896లో మళ్ళీ వచ్చారు.

ఆ యేడే సెప్టెంబరులో బొంబాయి మాండ్వీలో, రేవు గోదాముల పక్కన, ప్లేగు బయటపడింది. గజ్జల్లోనో చంకల్లోనో బిళ్ళ కడుతుంది, జ్వరం మండుతుంది, నాలుగైదు రోజుల్లో మనిషి పోతాడు. మిల్లులు ఖాళీ అయినాయి. లక్షలమంది ఊరు విడిచారు. మన కామాఠీలు, అనగా నిజాము రాజ్యంనుంచి వచ్చి ఈ మహానగరానికి రాళ్ళు మోసినవారు, తమ పేరనే వెలసిన కామాఠిపురలో అప్పటికే పాతుకుపోయి ఉన్నారు. ఆ పేటకు ఆనుకొనే బైకల్లా. అక్కడి గ్రాంటు మెడికల్ కాలేజీలో హాఫ్‌కిన్ గారికి దొరతనంవారు ఇచ్చినదేమిటో వినండి: ఒక గది, ఒక వసారా, ఒక గుమాస్తా, ముగ్గురు బంట్రోతులు. అంతే.

ఆ గుమాస్తా ఎవరో గాని, ఆయనను తలచుకుంటే మాకు గర్వంగానూ ఉంటుంది, జాలిగానూ ఉంటుంది. పగలు రాత్రి అనక మూడు నెలలు పని నడిచింది. పనివారిలో ఒకరికి మతి చలించింది. ఇద్దరు మానుకొని పోయారు. పోరా మరి? సీసాల నిండా ప్లేగు క్రిములు!

ఆ మందు తయారైన తీరు మన ఇళ్ళలోని ఆడవారికి కూడా సులభంగా అర్థమవుతుంది. మాంసపు రసంలో క్రిమిని పెంచాలి. ఐరోపాలో గోమాంసం వాడతారు. ఇక్కడి జనం నమ్మకాలను గౌరవించి ఆయన మేకమాంసం వాడారు. ఆ రసంమీద కొన్ని చుక్కల నెయ్యి వేశారు. అవును, మనం అన్నంలో వేసుకునే నెయ్యే. ప్లేగు క్రిమి ఆ నేతిచుక్కలను పట్టుకొని కింది రసంలోకి మర్రి ఊడల్లాగా దిగుతుంది. సీసాను కదిపితే ఊడలు తెగి అడుగున పడతాయి. పైన మళ్ళీ కొత్త ఊడలు దిగుతాయి. మరే క్రిమీ ఇట్లా ఊడలు దించదు గనుక సీసాలో ఉన్నది ప్లేగేనని గుర్తుపట్టడానికి కూడా అదే గుర్తు. కొన్నివారాలు ఇట్లా పండించి, 70 డిగ్రీల వేడిలో గంటసేపు ఉంచితే క్రిములు చస్తాయి. దానిలో కొద్దిగా, నూటికి అరపాలు, కార్బాలిక్ ఆమ్లం కలిపేవారు. చచ్చిన క్రిమే టీకామందు.

1897 జనవరి 10న ఆ మందు 10 ఘనసెంటీమీటర్లు తన ఒంట్లోకి ఎక్కించుకున్నారు. అది తరువాత ఇతరులకు వేసిన మోతాదుకంటె చాలా ఎక్కువ. ఒళ్ళు కాలిపోయే జ్వరం, సూది వేసినచోట విపరీతమైన నొప్పి. ఐనా ఎవరికీ చెప్పకుండా పనిలోకి వచ్చారు. ఆ నెలాఖరుకు బైకల్లా జైలులో ప్లేగు దూరింది. ఇష్టపడిన ఖైదీలు ముందుకు రమ్మంటే దాదాపు సగం మంది వచ్చారు. సూది వేసేనాటికే రోగం పట్టినవారిని తీసివేసి లెక్క చూస్తే, వేయించుకోనివారిలో 12 మందికి ప్లేగు తగిలి 6గురు పోయారు. వేయించుకున్నవారిలో ఇద్దరికి తగిలింది గాని ఒక్కరూ పోలేదు. జైలు గనుక అందరిదీ ఒకే కూడు, ఒకే నీరు, ఒకే గోడ. అందుకే ఆ లెక్కకు అంత విలువ వచ్చింది.

మరుసటి యేడు బడోదా సంస్థానంలో ఉంధేరా అనే గ్రామంలో ఇంకా గట్టి పరీక్ష చేశారు. ప్రతి ఇంటిలోనూ సుమారు సగం మందికి వేశారు. మిగతా సగానికి వేయలేదు. ఒకే కప్పు కింద పడుకున్నవారిలో వేయించుకోనివారు 27 మంది జబ్బుపడి 26 మంది చచ్చిపోయారు. వేయించుకున్నవారు 8 మంది జబ్బుపడ్డారు, ముగ్గురు పోయారు. ఈ పరీక్షను తలచుకుంటే ఈనాడు ఒళ్ళు జలదరిస్తుంది. ఇంట్లో ఎవరికి వేయాలి, ఎవరిని వదలాలి అని నిర్ణయించిన చెయ్యి రాత్రి నిద్రపోయిందా? కాని ఆ లెక్క లేకపోతే టీకా పనిచేస్తుందని నమ్మేవారెవరు?

ఇంతలో దొరతనంవారు ప్లేగుతో తమ పద్ధతిలో పోరాడుతున్నారు. 1897లో చట్టం చేశారు. రైలులో పోయే ప్రయాణికులను పరీక్షించే అధికారం ఆ చట్టంలోనే వ్రాసి ఉన్నది. మా ముత్తాతల నాటి ఆయనను రైలు దింపినది దాని బలంతోనే. పూనాలో సిపాయిలు ఇళ్ళలో చొరబడి, ఆడవారని చూడక వెతికారు. ఆ కసి 1897 జూన్ 22 రాత్రి ప్లేగు అధికారి రాండ్ దొరమీద చాపేకర్ సోదరుల తుపాకీగా పేలింది. హాఫ్‌కిన్ గారి దారి వేరు. టీకా ఎవరికి వారు ఇష్టపడి వేయించుకోవాలి గాని బలవంతం కూడదన్నది ఆయన పట్టు. ఇరవై యేళ్ళ వయసున్న ఆగాఖాన్ గారు తానే నలుగురి ముందు వేయించుకొని తన ఖోజా జనానికి ధైర్యం చెప్పారు. ప్రయోగశాలకు తన బంగళా కూడా ఇచ్చారు. 1899 ఆగస్టులో ప్రయోగశాల పరేలులోని పాత గవర్నరు బంగళాకు మారింది. ఒక గవర్నరుగారి భార్య ఆ బంగళాలోనే కలరాతో పోయిన తరువాత గవర్నర్లు దానిని విడిచి మలబారు కొండకు చేరారు. కలరా వెళ్ళగొట్టిన ఇంట్లోకి కలరా వైద్యుడు కాపురం వచ్చాడన్నమాట.

ఇంతవరకు కథ విజయగాథ. 1902 అక్టోబరు 30తో అది తిరగబడింది.

అప్పుడు పంజాబు యావత్తూ ప్లేగుతో అట్టుడికిపోతున్నది. అక్కడి దొరతనంవారు లక్షల మోతాదులు కావాలని పరేలుమీద ఒత్తిడి తెచ్చారు. త్వరగా, ఎక్కువగా తయారుచేయడానికి హాఫ్‌కిన్ గారు పద్ధతిని కొంత మార్చారు. అందులో భాగంగా కార్బాలిక్ ఆమ్లం మాని, వేడినే నమ్ముకున్నారు. పారిస్‌లో అదే ఆచారం. అట్టి సీసాలు మల్కోవాల్ అనే గ్రామానికి వెళ్ళాయి. ఆ ఊరు ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్నది. ఆనాడు అయిదు సీసాలనుంచి 107 మందికి టీకాలు వేశారు. 88 మందికి ఏమీ కాలేదు. ‘53 ఎన్’ అనే గుర్తుగల సీసానుంచి వేయించుకున్న 19 మందికి వారం దాటగానే దవడలు బిగుసుకున్నాయి. ధనుర్వాతం. 19 మందీ పోయారు.

మంచి జరుగుతుందని నమ్మి చెయ్యి చాపిన మనుషులు వాళ్ళు. ఏ సమాధానం చెప్పినా వాళ్ళ ప్రాణాలకు సరిపోదు. కాని తప్పు ఎక్కడ జరిగిందో తేల్చడం వాళ్ళకు కూడా చెల్లించవలసిన బాకీయే గదా.

మా పార్సెలు ఆఫీసు మాటల్లో చెప్పాలంటే ప్రశ్న ఇంతే: సరుకు చెడినది బుకింగు స్టేషనులోనా, డెలివరీ స్టేషనులోనా? ధనుర్వాతపు క్రిమి పరేలులోనే సీసాలోకి పోయిందా, మల్కోవాల్‌లో బిరడా తీసినప్పుడు పోయిందా? బొంబాయి ప్రధాన న్యాయమూర్తి జెంకిన్స్ గారి అధ్యక్షతన విచారణ సంఘం వేశారు. సీసా తెరవకముందే, అనగా పరేలులోనే, చెడిపోయిందని సంఘంవారు తేల్చారు. కార్బాలిక్ మానడమే ఆయన మెడకు ఉచ్చయింది. ఆయన్ను పనినుంచి తప్పించారు. 1904లో హాఫ్‌కిన్ గారు దేశం విడిచిపోయారు.

ఇంకో ప్రక్క సాక్ష్యం ఏమి చెబుతున్నది? ఆ సీసా తెరిచేటప్పుడు సహాయకుని చేతిలోని పటకారు నేలమీద పడింది. అట్టి పనిముట్టును మంటలో కాల్చి గాని వాడరాదు. అతడు దానిని కార్బాలిక్ నీళ్ళతో కడిగి, దానితోనే బిరడా లాగాడు. ధనుర్వాతపు క్రిమి నివాసమే మట్టి; పశువుల పేడ కలిసిన ఊరి మట్టిలో మరీను. ఇంకొక సంగతి. ఆ సీసా పరేలులో నింపి 41 రోజులైంది. అన్నాళ్ళు ఆ క్రిమి లోపల పెరిగి ఉంటే మూత తీయగానే కంపు కొట్టాలి. తెరిచిన డాక్టరు వాసన చూశాడు, ఏ దుర్వాసనా లేదు. అంతేగాక, అన్నాళ్ళ విషం నిలవ ఉన్న మందు పొడిస్తే రోగం ఒకటి రెండు రోజుల్లోనే కనబడాలి. ఇక్కడ వారం పట్టింది. అంటే అప్పుడే దూరిన కొద్దిపాటి క్రిమి ఒంట్లో పెరగడానికి పట్టే కాలమన్నమాట. మాకు సైన్సు అంతగా తెలియకపోయినా, ఈ లెక్క మాత్రం మేము కూడా వేయగలము. ఇన్ని యేళ్ళు పార్సెళ్ళ సీళ్ళు చూసినవాళ్ళం కదా.

ఆ సహాయకుని పేరు పుస్తకాల్లో ఉన్నది. మేము ఇక్కడ వ్రాయము. జనం తోసుకువస్తున్న పల్లెటూరిలో, ఒకే పూటలో నూరుమందికి సూదులు వేయవలసిన వేళ, చేతిలోది జారిపడింది. పై అధికారికి అంటిన నింద కడగడానికి కింది ఉద్యోగిని బోనెక్కించడం మాకు రుచించదు. అతడు చేసినది పొరపాటు. విచారణ చేసినవారు దానిని తూకంలో వేయకపోవడం అంతకంటె పెద్ద పొరపాటు.

ఈ విషయం మీద మేమింత పట్టుగా వ్రాయడానికి సొంత కారణం కూడా ఒకటి లేకపోలేదు. కొన్నేళ్ళ క్రితం మేము పనిచేసే ఒకచోట పార్సెలులో సరుకు తక్కువ వచ్చింది. సీలు ఎక్కడ తెగిందో చూసినవారు లేరు. రిజిస్టరులో చివరి సంతకం మాది కనుక మెమో మాకు వచ్చింది. పద్నాలుగు నెలలకు మా తప్పు లేదని కాగితం వచ్చింది. ఆ పద్నాలుగు నెలలూ మా ఇంట్లోవారు పెళ్ళిళ్ళకు పేరంటాలకు వెళ్ళలేదు. హాఫ్‌కిన్ గారికి అట్టి కాగితం రావడానికి అయిదేళ్ళు పట్టింది.

ఆ కాగితం తెప్పించినవారిలో ముఖ్యుడు మన తెలుగుగడ్డకు సంబంధం ఉన్నవాడే కావడం విశేషం. ఆయన రోనాల్డ్ రాస్. సికిందరాబాదులో సైన్యపు డాక్టరుగా ఉండి, 1897 ఆగస్టు 20న దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసిన మనిషి. 1902లో నోబెల్ బహుమానం పొందాడు. ఆయన పనిచేసిన బేగంపేట భవనం ఇప్పటికీ ఉన్నది. మల్కోవాల్ విచారణ కాగితాలు ప్రచురణ అయిన తరువాత ఆయన వాటిని పంక్తి పంక్తిగా చదివి, 1907లో పత్రికల్లో బాహాటంగా వ్రాశాడు. ఆ యేడు జులై 29న లండను టైమ్స్ పత్రికలో పదిమంది శాస్త్రజ్ఞుల సంతకాలతో లేఖ వచ్చింది. హాఫ్‌కిన్‌మీద మోపిన తప్పు రుజువు కాకపోవడమే గాదు, అబద్ధమని తేలిందని దాని సారాంశం. ఆ సంతకాల్లో ఒకటి సింప్సన్ గారిది. పదమూడేళ్ళ క్రితం కట్టల్‌బగాన్ బస్తీలో ఎవరు బతికారో, ఎవరు పోయారో కళ్ళారా చూసిన మనిషి ఊరకుంటాడా?

కొందరు దీనిని చిన్న డ్రేఫస్ వ్యవహారమన్నారు. డ్రేఫస్ అనే ఫ్రెంచి సైన్యాధికారి యూదుడైనందున చేయని ద్రోహం అంటగట్టి శిక్షించి, పన్నెండేళ్ళకు తప్పు దిద్దుకున్నారు. హాఫ్‌కిన్ గారి విషయంలో కులమతాల పాలెంత, వైద్యపట్టా లేనివాడన్న ఈర్ష్య పాలెంత అని తూచి చెప్పడం కష్టం. రెండూ ఉన్నాయని మా అభిప్రాయం. పట్టా ఉన్న ఇంగ్లీషు డాక్టరే అయితే విచారణ ఇట్లా నడిచేది కాదు.

నింద తీసివేసి దొరతనంవారు ఆయన్ను తిరిగి ఉద్యోగంలోకి పిలిచారు. 1907 చివర మళ్ళీ ఇండియా చేరారు. కాని బొంబాయికి గాదు, తాను కట్టిన పరేలు ప్రయోగశాలకు గాదు. కలకత్తాలో ఒక చిన్న ప్రయోగశాల ఇచ్చి, మనుషులమీద కొత్త టీకాలు పరీక్షించే వీలు లేకుండా కూర్చోబెట్టారు. మల్కోవాల్ భయం మాత్రం పంజాబులో పోలేదు. అక్కడి జనం టీకా అంటే పారిపోయేవారు. ఆ 1907లోనే దేశంలో ప్లేగు చావులు పదిలక్షలు దాటాయి. ఈ రెండు సంగతులూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు 53 ఎన్ సీసా ధర ఎంతో తెలుస్తుంది. 1914లో ఆయన ఉద్యోగ విరమణ చేసి ఫ్రాన్సుకు వెళ్ళిపోయారు. పెళ్ళి చేసుకోలేదు. చివరికాలం తన మతగ్రంథాల చదువుమీద, తనవారి పాఠశాలల మీద గడిపి, 1930 అక్టోబరు 26న స్విట్జర్లాండులోని లొసాన్ పట్టణంలో కాలధర్మం చెందారు.

ఆయన టీకా సర్వరోగ నివారిణి అని మేము చెప్పము. జ్వరం, నొప్పి తెచ్చేది. రక్షణ కొన్ని నెలలకే తగ్గేది. ఊపిరితిత్తులకు పట్టే ప్లేగు ముందు అది బలహీనం. ప్లేగును మోసేది ఎలుకమీది ఈగు అని 1898లో సీమోన్ అనే ఫ్రెంచి డాక్టరు కరాచీలో చూపాడు. 1940ల తరువాత స్ట్రెప్టోమైసిన్ వంటి మందులు వచ్చాక రోగం పట్టినవారిని కూడా బతికించగలిగారు. కాని ఆ మందులు రావడానికి ముందు యాభై యేళ్ళు జనం చేతిలో ఉన్నది పరేలు సీసా ఒక్కటే. 1897 మొదలు 1925 వరకు అక్కడినుంచి వెళ్ళిన మోతాదులు రెండుకోట్ల అరవై లక్షలు.

ఆ 1925లోనే, ప్రయోగశాల అధిపతిగా ఉన్న మాకీ గారి సూచనమీద దానికి హాఫ్‌కిన్ ఇన్‌స్టిట్యూట్ అని పేరు పెట్టారు. అరవై అయిదేళ్ళ వృద్ధుడికి ఆ కబురు ఫ్రాన్సులో అందింది. తన జీవితంలోని మంచి యేళ్ళన్నీ బొంబాయి పనే తీసుకున్నదని ఆయన కృతజ్ఞతతో జవాబు వ్రాశారు. 1964లో మన తపాలాశాఖవారు ఆయన బొమ్మతో బిళ్ళ వేశారు.

ఇప్పుడు మన ఊళ్ళనుంచి, కరీంనగరు, పాలమూరు, అనంతపురం జిల్లాలనుంచి రోగులను తీసుకొని పరేలు పెద్దాసుపత్రులకు వచ్చేవారు స్టేషనులో మా కిటికీ దగ్గరకు వచ్చి, తెలుగు మాట వినబడగానే ప్రాణం లేచివచ్చి, దారి అడుగుతారు. ఆసుపత్రి పేరు కాగితంమీద వ్రాసి ఇస్తాము. దారి తప్పితే ‘హాఫ్‌కిన్ ఎక్కడ’ అని అడగండి, ఎవరైనా చూపిస్తారు, అక్కడినుంచి దగ్గరే అని చెబుతాము. వాళ్ళు ఆ పేరును రెండుమూడుసార్లు నోట్లో అనుకుంటూ పోతారు.